నూకంత గుల్లకు నామకరణము

జనులు భీమిలి యని పిలుచు భీమునిపట్టణమున గోస్తనీనది సముద్రమున గలియు చోటికి కూతవేటు దూరములో ఒక పాత పెంకుటిల్లు కలదు. ఉన్నత పాఠశాలలో ముప్పదియేండ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి గైకొన్న రామమూర్తిగారు, ప్రతి అమావాస్యకును పౌర్ణమికిని సముద్రము బాగుగా వెనుకకు దీసిన వేళ తాను తెచ్చుకొన్న ఇసుకను ఆ యింటి వసారాలో ఎండబెట్టి, తేనీరు వడబోయు జల్లెడతో జల్లించి, మిగిలిన నలుసులను నల్లకాగితముపై బరచి, భూతద్దముతో ఒక్కొక్కదానినే పరిశీలించుచుండుట పొరుగువాడనగు నేను చాలకాలముగా నెరుగుదును. ఆయన మేనకోడలు శారద విశాఖపట్టణమున జంతుశాస్త్రములో పరిశోధన చేయుచున్నది. సముద్రపు నత్తలే ఆమె విషయము. మొన్న ఆదివారమునాడు ఆమె వచ్చినప్పుడు వారిద్దరి నడుమ నడచిన వాదమును నాకు జ్ఞాపకమున్నంతవరకు వ్రాయుచున్నాను. ఇద్దరును ఒక్క వస్తువునే ప్రేమించువారగుటచేత గాబోలు, ఇద్దరిలో ఎవరును తేలికగా పట్టు వదలలేదు.

రామమూర్తి: అమ్మాయీ, ఇటు వచ్చి ఈ నల్లకాగితము మీదికి చూడుము. బియ్యపు నూకంత యున్నది గదా? కొలబద్దమీద పెట్టి కొలిచితిని. నాలుగు మిల్లీమీటర్లకు వెండ్రుకవాసి తక్కువ. ఇప్పుడు అద్దములో చూడుము. గాలిగోపురమువలె నిటారుగా లేచినది. చుట్టుచుట్టునకును పూసలు గ్రుచ్చినట్లు రెండు వరుసలున్నవి. క్రింది చుట్టులకు వచ్చునప్పటికి ఆ రెంటి నడుమనుండి మూడవ వరుస దారమంత సన్నముగా మొదలై, పోనుపోను తక్కిన రెంటితో సమానమైనది. రంగు పాకమునకు వచ్చిన బెల్లపు రంగు. పై వరుస పూసలు మాత్రము లేత. అన్నిటికంటె విశేషమేమన, దీని నోరు ఎడమప్రక్క నున్నది! నేను ఇన్నేండ్లుగా ఏరిన గుల్లలన్నిటికిని నోరు కుడిప్రక్కనే. నాయొద్దనున్న పుస్తకములలో దేనియందును ఇట్టిది కానరాలేదు. ఇది కొత్తజాతి తల్లీ. పేరు కూడ నిశ్చయించితిని. ఊరిపేరుమీద జాతికి పేరు పెట్టునప్పుడు చివర ‘ఎన్సిస్’ అని చేర్చుట ఆచారమని చదివితిని గనుక, ‘భీమిలియెన్సిస్’.

శారద: గుల్ల చాల అందముగా నున్నది మామయ్యా. ఇంత చిన్నదానిని ఇసుకలో పట్టుకొన్న మీ కన్నులకు నమస్కారము. అయినను ముందొక్క ప్రశ్న. నోరు ఎడమప్రక్క నున్నదని మీరనుట గుల్లను ఎట్లు పట్టుకొని?

రామమూర్తి: ఎట్లేమిటి? మొన పైకి, నోరు నావైపునకు.

శారద: పండితులును అట్లే పట్టుదురు, సరియే. కాని మన పూజామందిరములలోని దక్షిణావర్త శంఖమును ఒకసారి తలచుకొనుడు. దానిని మనవారు తీర్థము జారు కొమ్ము పైకి వచ్చునట్లు పట్టి చూతురు. అప్పుడు నోరు కుడివైపు నుండును గనుక దక్షిణావర్తమనిరి. ఆ శంఖమునే గుల్లల శాస్త్రము నేర్చినవాడు మొన పైకి వచ్చునట్లు త్రిప్పి పట్టును. నోరు ఎడమకు వచ్చును గనుక వామావర్తమనును. శంఖము ఒక్కటే, మారినది చేతి వాటము. ఎట్లు పట్టుకొని చూడవలెనో ముందుగా ఒడంబడిక లేనిచో ‘ఎడమ’ యను మాటకే అర్థము లేదు. ఇక మనము వ్రాయబోవు వర్ణనలోని ప్రతి మాటకును ఇట్టి ఒడంబడిక అవసరమే. శంఖములలో ఎడమకు తిరిగినది బహు అరుదు గనుకనే దానికంత విలువ. కాని ట్రైఫోరిడే అని ఒక కుటుంబమున్నది. స్పాంజీలను తిని బ్రదుకు చిన్న నత్తలవి. వెచ్చని సముద్రములలో వందలకొలది జాతులు. దాదాపు అన్నియు ఎడమకే తిరుగును. కనుక మీరు విశేషమనుకొన్నది ఆ కుటుంబమునకు ఇంటిపేరు మాత్రమే. ఆ యింటిలో ఇది యెవరో ఇంకను తెలియదు.

రామమూర్తి: ఇంటిపేరు తెలియుటయు లాభమే. ఆ యింటివారి బొమ్మలన్నియు తెప్పించి చూడుము. వారిలో ఇది లేకున్నచో కొత్తదే గదా?

శారద: ఆ బొమ్మలు ఒకచోట లేకపోవుటయే వచ్చిన చిక్కు. 1758లో లిన్నేయస్ తన ‘సిస్టమా నాచురే’ పదవ కూర్పును ప్రకటించినది మొదలు నేటివరకు ఏ దేశమున ఏ సంఘపు సంచికలో ఏ భాషలో అచ్చయిన పేరైనను మనము లెక్కలోనికి తీసికొనవలసినదే. కొన్నిటికి బొమ్మయే లేదు. లాటినులో రెండు పంక్తులు మాత్రముండును. టౌన్సెండ్ అను ఓడ కప్తాను 1893 మొదలు 1900 వరకు పర్షియా సింధుశాఖలోను, ఒమాను సింధుశాఖలోను, అరేబియా సముద్రములోను సేకరించిన గుల్లలను మెల్విల్, స్టాండెన్ అనువారు మాంచెస్టరులో కూర్చుండి పరిశీలించి 1901లో ఒక గొప్ప పట్టికగా వెలువరించిరి. అందు చిన్నగుల్లలు విస్తారము. మీ నూకంత గుల్లకు ఆ పట్టికలోనే నూరేండ్లకు పూర్వము ఎవరో పేరు పెట్టియుండవచ్చును.

రామమూర్తి: మన తీరపు గుల్లకు పేరు పెట్టుటకు మాంచెస్టరువారి అనుమతి కావలెనా? ఇక్కడ వాల్తేరు ఒడ్డున 1960 ప్రాంతమున ఆచార్య గణపతిగారును ఆయనతో జి. సి. రావుగారును ఇసుక రేణువుల సందులలో నివసించు సూక్ష్మజంతువులను పరిశోధించి లోకమునకు చూపిరి గదా. వారు ఎవరి అనుమతిని కోరిరి?

శారద: అనుమతి మాట కాదు, వరుస మాట. ముందు పుట్టినవాడు అన్నయైనట్లు, ముందు ప్రకటితమైన పేరే నిలుచుట ఈ శాస్త్రమున ధర్మము. అది దొరలకును మనకును సమానమే. గణపతిగారి వంటివారు వెనుకటి గ్రంథములను గాలించియే మాటలాడిరి గనుక వారి మాట నిలిచినది. అట్లు గాలింపక తొందరపడినచో ఏమగునో చెప్పెదను వినుడు. ఉత్తర అట్లాంటిక్ తీరపు బండలమీద లిట్టోరినా సాక్సటిలిస్ అని ఒక చిన్ననత్త యున్నది. 1792లో ఒలివి యను నతడు వెనిస్ నీటిపాయల యొడ్డున దానిని చూచి వర్ణించెను. అటు పిమ్మట రెండువందల యేండ్లలో ఆ నత్తనే మరల మరల ‘కొత్తది, కొత్తది’ యని పండితులు వర్ణించిరి. ఒక్క జీవికి నూటికి పైగా పేర్లు పోగుపడెను! ఒకచోట దాని గుల్ల దళసరి, మరియొకచోట పలుచన. ఒకచోట గరులు, మరియొకచోట నున్నన. పసుపుపచ్చనిది, నల్లనిది, చారలది. పాడుపడిన బార్నకిల్ గుల్లలలో తలదాచుకొను మిక్కిలి చిన్నదానిని 1844లో బీన్ అనునతడు వేరు జాతియని తలచి ‘నెగ్లెక్టా’ అని, అనగా ఉపేక్షింపబడినదని, పేరిడెను; నేడు అదియు సాక్సటిలిస్ యొక్క ఒక రూపమే యని తేలినది. ఆ నూరుమందిలో మోసగాడు ఒక్కడును లేడు మామయ్యా. అందరును మీవలెనే కన్నులార చూచినవారే, చూచి ఆనందించినవారే.

రామమూర్తి: ఈ కథలో నీవు సగమే చెప్పితివి, తక్కిన సగము నేను చెప్పెదను. నూరు పేర్లును ఒక్కటే యని నమ్మి అందరును ఊరకున్న కాలమున, 1978లో హన్నాఫోర్డ్ ఎల్లిస్ అనువారు బ్రిటిషు తీరపు బండలమీద ఆ నత్తలనే మరల పరీక్షింపగా ఏమి తేలినది? సాక్సటిలిస్ పిల్లలను కడుపులోనే పొదిగి కనుచుండగా, దాని ప్రక్కనే, గుల్లను బట్టి వేరుచేయుట దుర్ఘటమైనంత పోలికతో, గ్రుడ్లు పెట్టు నత్తలు ఉన్నవనియు, అవి వేరొక జాతి యనియు తేలినది. దానికి ‘ఆర్కానా’ అని పేరిడిరి, అనగా రహస్యమైనదని. ‘అన్నియు ఒక్కటే, తొందరపడకుడు’ అను మీ జాగ్రత్తయే గదా ఆ జీవిని అన్నాళ్ళు మరుగుపరచినది? నూరు తప్పు పేర్లవలన సముద్రమున ఒక్క నత్తకును హాని కలుగలేదు. ఉన్న జాతిని లేదనుట మాత్రము హాని కాదా?

(ఇక్కడ రామమూర్తిగారి వాదము బలమైనదని నాకు తోచినది. శారదయు వెంటనే బదులు చెప్పలేదు.)

శారద: మీరన్నది నిజము. అయితే ఆ రహస్యమును బయటపెట్టినది గుల్ల కాదు. ఆడనత్త శరీరమును విప్పి లోపలి అవయవములను చూచుట. అదియైనను అక్కడితో ముగియలేదు. 2024లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పరిశోధన ఏమి చెప్పినదనగా, ఆ నత్తల జన్యుసంపదను మొత్తముగా చూచినచో గ్రుడ్లు పెట్టునవియు పిల్లలను కనునవియు శుభ్రముగా రెండు కొమ్మలుగా విడిపోవుటలేదు. సుమారు 50 చోట్ల మాత్రము వాని నడుమ భేదము స్థిరముగా నున్నది. పిల్లలను కను పద్ధతి యేర్పడినది గడచిన లక్ష సంవత్సరములలోనే. చూచితిరా? ‘ఒక్క జాతియా, రెండా’ యను ప్రశ్నకు గుల్ల ఒక జవాబును, కడుపు ఒక జవాబును, డీఎన్ఏ మరియొక జవాబును చెప్పుచున్నవి. మీచేత నున్నది గుల్ల యొక్కటే; అదియు లోపల నత్త లేని ఒట్టి గుల్ల.

రామమూర్తి: గుల్లను అంత తీసివేయకుము. దానిని కట్టినది ఆ నత్తయే గదా. కుమ్మరి ముద్ర కుండమీద నుండదా?

శారద: ఉండును, కాని కుమ్మరి ముద్రతోపాటు ఆవపు ముద్రయు నుండును. స్వీడను పశ్చిమతీరమున జరిగినదానిని మీకు చెప్పితీరవలెను. 1988లో విషపు నాచు పెరిగి అక్కడి చిన్నచిన్న రాతిదిబ్బలమీది నత్తలు నశించిపోయెను. అవి అలల తాకిడికి అలవడిన సాక్సటిలిస్. చిన్నవి, పలుచని గుల్లవి, బండను గట్టిగా కరచిపట్టు పెద్ద పాదమునకు తగినట్లు వెడల్పైన నోరు గలవి. 1992లో కెర్స్టిన్ యోహానెస్సన్ అను పరిశోధకురాలు అట్టి ఒక శూన్యమైన దిబ్బమీద అదే జాతికి చెందిన వేరు రూపపు నత్తలను 700 తెచ్చి విడిచినది. అవి పీతలుండు ఒడ్డున పెరిగినవి. పీతల పట్టునకు పగులకుండ పెద్దవై, దళసరియై, సన్ననినోరు గల గుల్లలు. దిబ్బమీద పీతలు లేవు, అలలే. సుమారు ముప్పదియేండ్లలో వాని సంతతి మారిమారి పూర్వము నశించిన నత్తలనే పోలినది. ఆ వృత్తాంతము 2024లో ప్రకటితమైనది. మీరు ఉద్యోగములో చేరిననాడు ఒక పండితుడు ఆ దిబ్బమీద గుల్లలను ఏరి, మీరు విశ్రాంతి పుచ్చుకొన్ననాడు మరల వచ్చి ఏరినచో, రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి రెండు జాతులని ప్రమాణము చేసియుండును.

రామమూర్తి: అట్లయిన దేనిని నమ్మవలెను?

శారద: ఒక్కదానిని నమ్మరాదు; నాలుగు సాక్ష్యములు ఏకమైన చోట నమ్మవలెను. ఈ కుటుంబములో మొట్టమొదటి సాక్ష్యము మొననున్న తొలిచుట్లు. గ్రుడ్డునుండి వెలువడిన పసినత్త కట్టుకొన్న గుల్ల అది. పెద్ద గుల్లకు శిఖరమై జీవితాంతము నిలుచును. ఆ చుట్లు ఎక్కువగా నున్నచో ఆ పిల్ల చాలదినములు సముద్రపు నీటిలో తేలుచు, తన ఆహారమును తానే వెదకుకొని పెరిగినదని సాధారణముగా చెప్పవచ్చును. తక్కువై, లావుగా నున్నచో తల్లి యిచ్చిన సొనతోనే పెరిగి దగ్గరలోనే దిగినదని. పైకి కవలలవలె కనబడు రెండు గుల్లలకు ఈ శిఖరములు వేరైనచో వానిని రెండు జాతులుగా నెంచుట కలదు. నా సూక్ష్మదర్శిని తెచ్చితిని; రండు, మీ గుల్ల శిఖరమును చూతము.

(ఆమె సంచిలోనుండి చిన్న సూక్ష్మదర్శినిని తీసి కిటికీ ప్రక్కన బల్లమీద నమర్చి, తడిపిన కుంచె మొనతో ఆ గుల్లను ఎత్తి, దాని అడుగున పెట్టి చాలసేపు చూచినది. పిమ్మట ఏమియు ననక మామను పిలిచి చూడుమన్నది. ఆయన తరువాత నేనును చూచితిని. నలుసువంటి ఆ వస్తువు ఆ అద్దములో దేవాలయ శిఖరమంత యైనది. పూసపూసకును నడుమ ఇసుక తళుకులు. మూడవ వరుస మొదలగు చోటు స్పష్టముగా తెలియుచున్నది. కాని పైకి పోవుకొలది పూసలు అరిగి, చిట్టచివర శిఖరముండవలసిన చోట విరిగిన మొండెము మాత్రమున్నది. అలలలో ఎన్నాళ్ళు దొర్లినదో, ఆ తొలిచుట్లు ఎక్కడనో రాలిపోయినవి.)

రామమూర్తి: తల లేదు.

శారద: లేదు మామయ్యా. తల లేని మొండెమును చూచి మనిషిని గుర్తింపుమన్నట్లున్నది. నాకును విచారముగానే యున్నది.

రామమూర్తి: విచారమెందుకు? మరియొకటి దొరకువరకు ఆగుమందువు. ఆగెదను. కాని దొరకునను భరోసా ఎవరిచ్చిరి? న్యూ కలెడోనియా దీవి పశ్చిమతీరమున ఫిలిప్ బుషే మొదలైనవారు 295 చదరపు కిలోమీటర్ల మేర సముద్రమును, 42 స్థలములలో, మనిషికి దినమొకటి చొప్పున లెక్కించిన 400 దినములకు పైబడిన శ్రమతో జల్లెడపట్టి 2738 జాతుల మృదుదేహులను లెక్కించిరి. 2002లో ఆ లెక్క ప్రకటించిరి. అంత వెదకినను వానిలో నూటికి ఇరువది జాతులకు దొరకినది ఒక్కొక్క నమూనాయే! లెక్కల మాస్టారును గనుక ఈ సంఖ్యను నేను మరువలేను. ఒక్క గుల్ల దొరకుట అక్కడ అపవాదము కాదు, ఐదింట ఒకదాని గతి అదియే. రెండవది దొరకువరకు పేరు పెట్టననువాడు ఆ జాతులను సముద్రములోనే వదలివేయుచున్నాడు. దొరకినవానికైనను ఏమి గౌరవము జరుగుచున్నది? 2007లో వర్ణింపబడిన జాతులలో 600 ఎంచి ఫ్రెంచి పండితులు లెక్కించిరట. నమూనా చేజిక్కిన నాటినుండి పేరు పెట్టువరకు సగటున 21 యేండ్లు అరలలో పడియున్నవట. నాకు డెబ్బదియొకటి నిండినవి తల్లీ.

శారద: మామయ్యా...

రామమూర్తి: నా వయస్సును అడ్డుపెట్టి వాదింపను, మరియొక నత్తను గూర్చి చెప్పెదను. అమెరికా తూర్పుతీరమున లాబ్రడార్ మొదలు లాంగ్ ఐలండ్ వరకు సముద్రపుగడ్డి ఆకులమీద ఒక చిన్ననత్త బ్రదికెడిది, పేరు లోటియా ఆల్వియస్. ఆ ఆకును విడిచి మరియొకచోట అది బ్రదుకలేదు. 1930 తరువాత తెగులు సోకి ఆ గడ్డి మైళ్ళకు మైళ్ళు కుళ్ళిపోయినది. గడ్డి కొంత మరల మొలచినది, నత్త మరల రాలేదు. 1929 తరువాత దానిని ప్రాణముతో పట్టుకొన్నవారు లేరు. అది పోయినదని లోకమునకు తెలిసినదెప్పుడు? 1991లో! అరువదియేండ్లు దాని మరణమును గుర్తించిన నాథుడు లేడు. అప్పటికైనను తెలియుటకు కారణము, 1831లోనే కాన్రడ్ అను నతడు దానికి ఒక పేరిచ్చియుండుట. పేరు లేనిదానికి మరణమైనను లేదు. ఈ భీమిలి యొడ్డున ఏ బండమీద ఏ స్పాంజీమీద ఏమి బ్రదుకుచున్నదో మనము ఎరుగకమునుపే అది పోయినచో, పోయినదని చెప్పుటకు మనకు ఒక్క మాటయు నుండదు.

(ఈ మాటలను ఆయన మెల్లగా, బల్లమీది గుల్లను చూచుచునే అన్నాడు. నేను ఆయనను ఇంత యెరిగియు, ఏండ్ల తరబడి ఈ ఇసుక జల్లించుట వెనుక ఇట్టి భయమున్నదని ఎరుగను.)

శారద: మీరు చెప్పినది నా మనస్సున నాటినది. ఇందు మీకును నాకును భేదము లేదు. కాని ఆ కథలోనే నా ప్రార్థనయు నున్నది. 1991లో కార్ల్‌టన్ మొదలైనవారు ఆ నత్త పోయినదని తేల్చుటకు ఆధారమేమి? పేరు మాత్రమే కాదు. మ్యూజియముల అరలలో, ఏ తీరమున ఏ యేట పట్టిరో చీటీలు కట్టి దాచిన నమూనాలు. కాన్రడ్ ఇచ్చిన పేరు ఆ నమూనాల మెడలో కట్టబడి యున్నది గనుకనే పనికివచ్చినది. పేరును గాలికి వదలినచో ఏమగునో హ్యూ క్యూమింగ్ కథ యొకటి చెప్పుదురు. ఆయన సేకరించిన వేలకొలది గుల్లల రాశిని ఆయన మరణానంతరము బ్రిటిషు మ్యూజియమువారు కొన్నప్పుడు, పెట్టెలను ఆరుబయట ముంగిలిమీదుగా మోసికొని పోవుచుండగా ఈదురుగాలికి చీటీలు ఎగిరిపోయెనని పండితులలో వాడుక. నిజమో కాదో గాని, ఆ మాట వినినప్పుడెల్ల మావంటివారికి కడుపులో చేయిపెట్టి కలచినట్లుండును. ఏ గుల్ల ఏ దీవిదో చెప్పు చీటీ పోయిన పిమ్మట ఆ గుల్ల ఆటవస్తువు.

రామమూర్తి: అయితే నీవు చెప్పు మార్గమేమి?

శారద: పేరు పెట్టుట తీర్పు చెప్పుట వంటిది, అప్పీలునకు తావుండవలెను. అందుకే 2000 సంవత్సరమునుండి ఒక నియమము గట్టిపడినది: కొత్తజాతిని ప్రకటించువాడు మూలనమూనా ఇదియని స్పష్టముగా నిర్ణయించి, అది ఏ సంస్థలో భద్రముగా నుండునో వ్రాయనిచో ఆ పేరు చెల్లదు. నూరేండ్ల తరువాత నావంటిది మరియొకతె వచ్చి, మీరు పొరబడిరో లేదో ఆ గుల్లనే చేతబట్టి చూచుకొనవలెను. మన దేశమున 2002నాటి జీవవైవిధ్య చట్టములో 39వ నిబంధన ఒక మెట్టు పైకి పోయినది. ఎవరు కనుగొన్నను, పండితుడు కానక్కరలేదు, కొత్తజాతిని ప్రభుత్వము నియమించిన భాండాగారమునకు తెలియజేసి నమూనాను అక్కడ ఒప్పగింపవలెను. జంతువులకు కలకత్తాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అట్టి స్థానము; 1916లో వెలసినది. అంతవరకు చేయవలసినవి చెప్పెదను. వచ్చు అమావాస్యకు నీరు తీసినప్పుడు ఇసుకను కాక బండల అడుగున స్పాంజీలను చూతము. ఈ నత్త తినునది అదియే గనుక ప్రాణముతో దొరకుటకు ఆశ అక్కడనే. దొరకినవానిలో కొన్నిటిని చెక్కుచెదరకుండ, శిఖరముతో, తీసిపెట్టుదము. ఒకదానినుండి రాడ్యులాను, అనగా ఆకురాయివంటి పళ్ళ పట్టీని తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూతము. ఈ కుటుంబములో పళ్ళ అమరిక ప్రజాతికి ప్రజాతికి చాల మారును. ఇంకొకదాని మాంసపు తునకను మద్యసారములో ఉంచి డీఎన్ఏ చదివింతము. జాతులను పోల్చుటకు వాడుకలోనున్న భాగము 658 అక్షరముల పొడవు. అటు పిమ్మట మెల్విల్ మొదలుకొని అందరి పేర్లతోను సరిచూతము.

రామమూర్తి: రాడ్యులా తీసినదియు, మాంసము తీసినదియు మిగులవు. చెక్కుచెదరనిది కలకత్తా పోవును. నాకేమి మిగులును?

శారద: ఈ మొండెము. దీనిని మీయొద్దనే యుంచుకొనుడు.

రామమూర్తి: ఒప్పుకొంటిని. కాని నాదొక షరతు. దొరకినది దొరకినట్లు నీ ప్రయోగశాల అరలో ఇరువదియొక యేండ్లు నిద్రపోరాదు. రెండేండ్లలో ఏదో ఒకటి తేల్చి ప్రకటింపవలెను. కొత్తది కానిచో కాదని, పాతపేరేదో దానితోనే ప్రకటింపవలెను. భీమిలిలో ఇది యున్నదనుటయు ఒక వార్తయే గదా.

శారద: మాట యిచ్చుచున్నాను. రెండేండ్లు. పేరు నాదికాదు, మీరన్నదే, నిలిచిన యెడల.

రామమూర్తి: మరియొక సంగతి. క్యూమింగు చీటీలను గూర్చి నీవు చెప్పుచుండగా జ్ఞాపకమువచ్చినది. ఈ గుల్ల భీమిలిది అని ఊరక చెప్పిన చాలదందువు గదా? ఉండుము.

ఆయన లోపలికి పోయి మూడు పాత లెక్కల నోటుపుస్తకములను తెచ్చెను. ఆయన ఏరినవి దాచు సీసాలమీద వట్టి అంకెలు అంటించియుండుటను నేను చాలసార్లు చూచియు వాని అర్థమడుగలేదు. ఆ అంకెలు నోటుపుస్తకములోని పుటలవి. పుటపుటకును తేదీ, తిథి, నీరు తీసిన వేళ, నదీముఖమునుండి ఎన్ని అడుగులు, ఏ బండ ప్రక్కన, ఇసుక మోటుదో సన్ననిదో, ఎన్ని గుప్పిళ్ళు తెచ్చెనో, అన్నియు లెక్కలవాని గుండ్రని అక్షరములతో పెన్సిలుతో వ్రాసియున్నవి. శారద మొదటి పుస్తకమును తెరచి, రెండు పుటలు చదివి, కుర్చీలో కూర్చుండిపోయినది. ‘మామయ్యా, ఆ గుల్లకంటె ఇవి విలువైనవి’ అని మాత్రమన్నది. ఆ పొద్దు తక్కిన భాగమంతయు వారిద్దరును వాదము మాని ఆ పుటలనన్నిటిని చిత్రములు తీసికొనుచు గడపిరి.

ఐరోపాలో ఇటీవల వర్ణింపబడిన కొత్తజాతులలో సగమునకు పైగా వృత్తిచేత శాస్త్రజ్ఞులు కానివారు కనుగొని వర్ణించినవే యని 2012లో ఒక లెక్క వెలువడినది. రామమూర్తిగారి బల్లముందు కూర్చుండినవానికి అది ఆశ్చర్యము కాదు. ఎవరి పక్షము గెలిచినదని నన్నడిగినచో, ఆగుమన్న విషయమున శారదయు, ఎక్కువకాలము ఆగరాదన్న విషయమున ఆమె మామయు సరియే యని చెప్పుదును. అమావాస్యకు ఇంకను తొమ్మిదిదినములున్నవి. ఇది చదువువారిని నేను కోరునది ఒక్కటే: మీ యింట ఏ సీసాలోనైనను, ఏ పిల్లల పెట్టెలోనైనను సముద్రపుటొడ్డున ఏరిన గవ్వలున్నచో, అవి ఏ యొడ్డున, ఏ దినమున దొరకెనో మరచిపోకమునుపే ఒక చిన్నకాగితముపై పెన్సిలుతో వ్రాసి ఆ గవ్వలతోనే వేయుడు. సిరా మద్యసారములో కరగిపోవును. పెన్సిలు వ్రాత నిలుచును.